అతిథియా, బంధువా?

తెలుగువారి ఇండ్లలో దేవునికొక గూడు ఉన్నట్లే చలనచిత్రమునకును ఒక స్థానము ఏర్పడియున్నది. నిన్న అది టెలివిజను పెట్టె. నేడు అది చేతిలోని ఫోను. పండుగనాడు పూజయు, భోజనములును ముగిసిన పిమ్మట ఇంటిల్లిపాదియు కలసి కూర్చుండి చూచునది తరచుగా ఏ పాత కుటుంబ చిత్రమో అగుచుండును. తాత చూచినదానినే మనుమడును చూచుచున్నాడు. పాఠ్యపుస్తకములు కొన్ని యేండ్లకొకసారి మారును, ‘మిస్సమ్మ’ మారదు. దేవుడెవరు, పరమతస్థుడెవరు, ఎవరిని గడప దాటనీయవచ్చును, ఎవరిని వసారాలోనే కూర్చుండబెట్టవలెను అను విషయములను బాలబాలికలకు నేర్పు గురువులలో ఈ చిత్రములును చేరియున్నవి. బడిలో చెప్పు పాఠమును ఉపాధ్యాయుడు ముందుగా చదువుకొని వచ్చును. ఇంటిలో తెర చెప్పు పాఠమును అట్లు ముందుగా చదివి పరీక్షించువారు అరుదు. ఆ పరీక్షకు పూనుకొనదగినవారు ఉపాధ్యాయులే; వారికి తోడు నిలువదగినవారు విద్యార్థులే.

తెలుగు టాకీ పుట్టుకయే మతవిశ్వాసముతో ముడివడియున్నది. 1932లో హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున వెలువడిన ‘భక్త ప్రహ్లాద’ మన తొలి టాకీ. ప్రహ్లాదుని కథ దేవుని కథయని అందరును అందురు. నిజమునకు అది ఒక ఇంటి కథ కూడ. తండ్రి ఒకటి నమ్మును. కొడుకు వేరొకటి నమ్మును. తల్లి ఇద్దరి నడుమ నలిగిపోవును. కొడుకును తన దారికి త్రిప్పుటకై తండ్రి గురువులను నియమించును. ఆ గురువుల చదువు బాలుని నమ్మకమును కదలింపజాలదు. ఒక కప్పు క్రింద రెండు విశ్వాసములు బ్రదుకగలవా అను ప్రశ్నతోనే మన వెండితెర మాటలు నేర్చినదన్నమాట. ప్రహ్లాదుడు పుట్టిన ఇంటిని బట్టి అసురుడు. నమ్మినదానిని బట్టి భాగవతుడు. పుట్టుక వేరు, విశ్వాసము వేరు అని ఆ కథ స్పష్టముగా చెప్పినది. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. ముందు దీనితో పనియున్నది.

ఆ పిమ్మట మన చిత్రసీమ చాలకాలము రెండు పాయలుగా ప్రవహించినది. ఒకటి భక్తుల చరిత్రములు, రెండవది సాంఘికములు. మొదటి పాయలో చిత్తూరు నాగయ్య నటించిన ‘భక్త పోతన’, ‘త్యాగయ్య’ (1946), ‘యోగి వేమన’ (1947) వంటివి వెలసినవి. రాజాశ్రయమును కాదన్న కవి, ధనముకన్న రాముని మిన్నగా నెంచిన గాయకుడు, ఆచారముల డొల్లతనమును ఎత్తిచూపిన యోగి — ఈ మువ్వురును ప్రేక్షకులకు ఇంటి పెద్దలవలె దగ్గరయైరి. 1957లో వచ్చిన ‘పాండురంగ మాహాత్మ్యము’ తల్లిదండ్రుల సేవకు మించిన తీర్థయాత్ర లేదని చాటినది. వీనివలన కలిగిన మేలు కొంచెము కాదు. అక్షరజ్ఞానము లేని ఎందరో ప్రేక్షకులకు పోతనయు, వేమనయు ఈ చిత్రముల మూలముననే కంటికి కట్టినట్లు కనిపించినారు.

కాని భక్తచిత్రమునకొక సౌకర్యము గలదు. చిక్కు వచ్చినప్పుడు దేవుడే దిగివచ్చి తీర్చును. సాంఘికచిత్రమున దేవుడు గోడమీది పటములోనే యుండును. చిక్కును మనుష్యులే విప్పుకొనవలెను. కాబట్టి ఒక సమాజమునకు మతవిషయమున ఎంతటి ఔదార్యమున్నదో తెలిసికొనుటకు భక్తచిత్రముకన్న సాంఘికచిత్రమే మంచి గీటురాయి.

ఆ గీటురాయిమీద తొలుత నిలిచి మెరసినది ‘మాలపిల్ల’. గూడవల్లి రామబ్రహ్మము దర్శకత్వమున 1938లో వెలువడిన ఆ చిత్రమునకు గుడిపాటి వెంకటచలము కథ నిచ్చెను; తాపీ ధర్మారావు మాటలు వ్రాసెను; కాంచనమాల నాయికగా నటించెను. తిరువాన్కూరు సంస్థానము ఆలయప్రవేశ ప్రకటన గావించి అప్పటికి రెండేండ్లైనను కాలేదు. దేవాలయపు తలుపులు అందరికిని తెరువవలెనా అను వాదము ఊరూర చెలరేగుచున్న దినములవి. ఆలయపు పెత్తనము వహించిన శాస్త్రిగారి కుమారుడు దళిత కన్యను ప్రేమించుటయు, శాస్త్రిగారు మండిపడుటయు, ఆయన భార్య అగ్నిప్రమాదమున చిక్కినప్పుడు ఒక దళితుడు ఆమెను కాపాడుటయు, దానితో శాస్త్రిగారి మనస్సు మారుటయు ఇందలి కథ. ఇందొక లోపము లేకపోలేదు. అవతలివానిని మనుష్యుడని గుర్తించుటకు అతడు మన ఇంటివారి ప్రాణము కాపాడవలసి వచ్చినది. ఏ ఉపకారమును చేయని దళితుడు కూడ మనుష్యుడే యని చెప్పుటకు ఆ చిత్రము సాహసింపలేదు. అయినను, ఈ లోపమును లెక్కించిన పిదప కూడ, ‘మాలపిల్ల’ గొప్పతనము మిగిలియే యున్నది. దళిత కన్య దళిత కన్యగానే యుండి ఆ ఇంటికి కోడలైనది. ఆమె పుట్టుకలో ఏ రహస్యమును లేదు. కథకులు ఆమెకు వేరొక తల్లిదండ్రులను వెదకిపెట్టలేదు.

ఇరువది యేండ్లు తిరుగకముందే ‘మిస్సమ్మ’ వచ్చినది. విజయావారి పక్షమున నాగిరెడ్డి, చక్రపాణి నిర్మింపగా ఎల్. వి. ప్రసాద్ దర్శకత్వము వహించిన ఈ చిత్రము 1955 జనవరి 12వ తేదీన విడుదలయైనది. దీనికి మూలము రవీంద్రనాథ మైత్ర వ్రాసిన ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ అను బెంగాలీ నాటకము. దానిని తెలుగు నేలకు తగినట్లుగా మలచినవాడు చక్రపాణి. పాటలు పింగళి నాగేంద్రరావు వ్రాయగా సాలూరు రాజేశ్వరరావు స్వరములు కూర్చెను. ఉపాధ్యాయ లోకమునకు ఈ చిత్రము మరింత దగ్గరిది. ఇందలి నాయికానాయకులు బడిపంతులుద్యోగమునకై తంటాలుపడు పట్టభద్రులు. అప్పాపురము జమీందారు తన పాఠశాలకు భార్యాభర్తలైన ఉపాధ్యాయులు కావలెనని ప్రకటించును. పెండ్లికాని హిందూ యువకుడును, పెండ్లికాని క్రైస్తవ యువతి మేరియును ఉద్యోగమునకై దంపతులమని చెప్పుకొని ఆ ఊరు చేరుదురు. రామారావు, సావిత్రి, నాగేశ్వరరావు, జమున, రంగారావు, ఋష్యేంద్రమణి, రేలంగి, రమణారెడ్డి — ఇందరు మహానటులు ఒక్క చిత్రమున ఇంత చక్కగా ఇమిడిన ఘట్టము మన తెరపై అరుదు.

ఈ చిత్రమున క్రైస్తవ విశ్వాసమును కించపరచు మాట లేదని మొదట చెప్పవలెను. మేరి మేరిమాతను వేడుకొను పాట ఇందు గలదు. త్యాగరాజ కీర్తనయు ఇందే గలదు. రెండింటిని ఒకే గాయని, పి. లీల, ఒకే భక్తితో పాడినది. మేరి భక్తి వేషము కాదు, నిజము. హిందువుల ఇల్లాలివలె మెలగవలసి వచ్చినప్పుడు ఆమె పడు ఇరకాటమును చిత్రము ఎగతాళి చేయదు. కోపము, అభిమానము, చదువు, స్వశక్తి గల ఇట్టి క్రైస్తవ యువతిని నాయికగా నిలిపిన తెలుగు చిత్రము ఆనాటికి మరియొకటి చూపుట కష్టము. తెలుగు ప్రేక్షకులు ఆమెను తమ ఇంటి ఆడపడుచువలె ప్రేమించినారు.

ఇంతవరకు ఔదార్యమే. చిక్కు పెండ్లికడ వచ్చినది. నటించుచు నటించుచునే ఇద్దరికిని నిజముగా అనురాగము కలిగినది. ఇప్పుడు కథకుడు చెప్పవలసిన మాట ఒక్కటే: హిందువగు రావు క్రైస్తవురాలగు మేరిని పెండ్లాడునా? ఆ మాట నోటివరకు వచ్చి ఆగిపోయినది. మేరి మేరి కాదనియు, చిన్ననాడు తప్పిపోయిన జమీందారుగారి కూతురు మహాలక్ష్మియే యనియు కాలిమీది పుట్టుమచ్చ సాక్ష్యము చెప్పినది. దానితో అందరును సంతోషించిరి. తల్లికి బిడ్డ దొరకినది. బిడ్డకు భర్త దొరకినాడు. ప్రేక్షకునకు కన్నీటితో కూడిన నవ్వు దొరకినది. ఒక్క ప్రశ్న మాత్రము సమాధానము లేకయే మాయమైనది. మతాంతర వివాహమును గురించిన చిత్రమని మనము కూర్చుంటిమి; తీరా చూడగా అట్టి వివాహమే జరుగలేదు.

ఇచ్చట ఒక కాలసామ్యమును గమనింపవలెను. ఎవరి మతమును వారు విడువకయే భిన్నమతస్థులు పెండ్లాడుటకు వీలు కల్పించు ప్రత్యేక వివాహ చట్టమును పార్లమెంటు 1954లో ఆమోదించినది. 1955 జనవరి 1వ తేదీనుండి అది అమలులోనికి వచ్చినది. 1872నాటి పాత ప్రత్యేక వివాహ చట్టము క్రింద హిందువును, క్రైస్తవురాలును పెండ్లి చేసికొనవలెనన్న తమ తమ మతములను అనుసరించుట లేదని ఇద్దరును ప్రకటింపవలసి యుండెను. క్రొత్త చట్టము ఆ నిర్బంధమును తొలగించినది. అనగా రావు రావుగాను, మేరి మేరిగాను పెండ్లాడుటకు దేశపు చట్టము తలుపు తెరచిన పదునొకండు దినములకు ‘మిస్సమ్మ’ విడుదలయైనది. చట్టము వీధి తలుపు తెరచియుండగా కథ పెరటిదారిన ఇల్లు చేరినది. చిత్రము అంతకు ముందే తయారైనది గనుక దానిని తప్పుపట్టుటకై ఈ తేదీలను చెప్పుట లేదు. చట్టమునకును, ఇంటి మనస్సునకును నడుమగల దూరమెంతయో ఈ రెండు తేదీలు కొలిచి చూపుచున్నవి. అంతియే.

ఈ సుఖాంతమునకు వెల చెల్లించినవారెవరు? మేరిని ఏండ్ల తరబడి పెంచి, చదివించి, పట్టభద్రురాలిని చేసిన క్రైస్తవ దంపతులు. వారు చెడ్డవారుగా చూపబడలేదు, ఎంతో మంచివారు. కాని కన్నవారు దొరకగానే కథ వారిని ప్రక్కకు తప్పించినది. మరి మేరి విశ్వాసము మాట యేమి? ఆమె రక్తమును బట్టి హిందువని తేలినంతమాత్రమున, చిన్ననాటినుండి చేసిన ప్రార్థనలన్నియు పొరపాటున చేసినవగునా? మతము నెత్తుటిలో నుండునా, పెంపకములో నుండునా, మనస్సులో నుండునా? ‘భక్త ప్రహ్లాద’ ఈ ప్రశ్నకు ఏనాడో జవాబు చెప్పియున్నది. పుట్టిన ఇంటిని బట్టియే విశ్వాసమును నిర్ణయింపవలెనన్నచో ప్రహ్లాదుడు హిరణ్యకశిపునకే మ్రొక్కవలసి వచ్చును. మన పురాణమే అంగీకరింపని న్యాయమును మన సాంఘికము అంగీకరించుట చిత్రముగా లేదా?

ఇంకొక విచిత్రము. మన పురాణ చిత్రములలోను, భక్తచిత్రములలోను పరమతస్థునకు, అడవివానికి దొరకిన చనవు సాంఘికములలో దొరకలేదు. గోలకొండ చెరసాలలో మ్రగ్గిన కంచెర్ల గోపన్న కథను నాగయ్య ‘రామదాసు’గా 1964లో తెరకెక్కించెను; 2006లో కె. రాఘవేంద్రరావు ‘శ్రీరామదాసు’గా మరల చూపెను. ఆ కథ ప్రకారము రామలక్ష్మణులు బాకీ చెల్లించుటకు స్వయముగా వచ్చి దర్శనమిచ్చినది ఎవరికి? పండ్రెండేండ్లు ఎలుగెత్తి పిలిచిన రామదాసునకు కాదు. మహమ్మదీయ ప్రభువగు తానీషాకు. భద్రాచలమున సీతారాముల కల్యాణమునకు తానీషా ముత్యాల తలంబ్రాలు పంపెనని చెప్పుదురు; ప్రభుత్వము తలంబ్రాలు పంపు ఆచారము నేటికిని సాగుచున్నది. దేవుని పెండ్లికి పరమతస్థుడు పెండ్లివారిలో ఒకడైనాడు. మనుష్యుల పెండ్లికి మాత్రము కాలేకపోయినాడు.

చెంచులక్ష్మి కథయు ఇట్టిదే. 1943లోను, 1958లోను తెరకెక్కిన ఈ కథలో నరసింహుడు అహోబిలపు అడవిలో చెంచు కన్యను వలచి పెండ్లాడును. అహోబిలపు చెంచులు నరసింహుని తమ ఇంటి అల్లునిగా భావింతురు. ఎంత చక్కని భావము! అయితే సంప్రదాయము ఆ కన్యను లక్ష్మీదేవి అంశయని కూడ చెప్పుచున్నది. చెంచిత చెంచితగానే చాలదా? దేవుని ప్రేమకు పాత్రురాలగుటకు ఆమెకును ఒక జన్మరహస్యము కావలసివచ్చినది. మహాలక్ష్మి యను పేరుతో మేరికి జరిగినదియు ఇదియే. కథలు వేరు, ఉపాయము ఒకటే. అవతలివారిని మనవారిని చేసికొనుట కష్టమైనచోట, వారు మొదటినుండియు మనవారే యని తేల్చుట సులభము.

ఈ చిక్కు మన దేశమునకు మాత్రమే పరిమితము కాదు. మనకెంతో దూరమైన మెక్సికో దేశము ఇందుకు మంచి ఉదాహరణము. అచ్చటి చలనచిత్రములకు 1940ల దశకము స్వర్ణయుగము. అంతకు ముందు 1926 మొదలు 1929 వరకు ప్రభుత్వమునకును, కథోలిక విశ్వాసులకును నడుమ ఘోరమైన అంతర్యుద్ధము జరిగిన దేశమది. ఆ గాయము మానుచున్న కాలమున వెలువడిన కుటుంబ చిత్రములలో గ్వాదలూపే మాత పటము, ఇంటి పెద్ద దీవెన, తల్లి జపమాల మన చిత్రములలోని తులసికోటవలె, దేవునిగదివలె కానవచ్చును. ఎమీలియో ఫెర్నాందెజ్ దర్శకత్వమున తయారైన ‘మరియా కాందెలారియా’ 1946లో కాన్ చిత్రోత్సవమున బహుమానమందిన చిత్రములలో ఒకటి. ఊరివారిచేత వెలివేయబడిన ఆదివాసి యువతి కథ అది. ఆమె గుడిలో నిలిచి మేరిమాతనే నిలదీయు ఘట్టము ప్రసిద్ధము. అయితే ఆ ఆదివాసి పాత్రను ధరించినది సంపన్న కుటుంబమున పుట్టిన ప్రఖ్యాత తార దోలోరెస్ దెల్ రియో. బాధ ఆదివాసులది, ముఖము వేరొకరిది.

అదే దేశమున 1948లో హోసెలితో రోద్రిగెస్ తీసిన ‘ఆంహెలితోస్ నేగ్రోస్’ — ‘నల్లని చిన్నారి దేవదూతలు’ అని అర్థము — మన ‘మిస్సమ్మ’తో పోల్చి చూడదగినది. తెల్లని మేనిచాయ గల ఒక గర్విష్ఠి యువతికి నల్లని బిడ్డ పుట్టును. ఆమె ఆ బిడ్డను దగ్గరకు రానీయదు. చిన్ననాటినుండి తనకు ఊడిగము చేయుచున్న నల్లజాతి దాదియే తన కన్నతల్లి యని ఆమె ఎరుగదు. ఇందును జన్మరహస్యమే కథకు కీలకము. కాని భేదము చూడుడు. మన చిత్రమున జన్మరహస్యము బయటపడగానే ప్రేక్షకుని సంకోచము తీరిపోవును; ‘ఆమె మనదే’ అని అతడు ఊపిరి పీల్చుకొనును. మెక్సికో చిత్రమున రహస్యము బయటపడగానే గర్విష్ఠి తల దించుకొనవలసి వచ్చును. ‘నీవు ఏవగించుకొన్నది నీ తల్లినే’ అని కథ ఆమెతో చెప్పును. ఒకే ఉపాయము ఒకచోట అహంకారమును జోకొట్టినది. మరియొకచోట అహంకారమును ఖండించినది. ఆ చిత్రమునకు పేరునిచ్చిన పాటకు మూలము వెనిజులా కవి ఆంద్రెస్ ఎలోయ్ బ్లాంకో కవిత. గుడిగోడలపై దేవదూతలను చిత్రించు కళాకారుడు నల్లవారిని ఎందుకు మరచినాడని అందలి ప్రశ్న. విశ్వాసమును, ప్రాతినిధ్యమును ఒక్కచోట ముడివేసిన ప్రశ్న అది.

కొందరు అడుగవచ్చును: హాయిగా నవ్వించు హాస్యచిత్రమును ఇంతగా తర్కింపవలెనా? నాటి సమాజము అట్టిది. నిర్మాతలు మాత్రమేమి చేయుదురు? ఈ మాటలో కొంత నిజమున్నది. టిక్కెట్టు కొన్న ప్రతివానిని మెప్పింపవలసిన కళ ఇది. పైగా ఆ చిత్రములను తయారుచేసినవారిలోనే భిన్నత్వమునకు లోటులేదు. ‘మిస్సమ్మ’ అందములను కెమెరాలో పట్టియిచ్చినవాడు ఆంగ్లో ఇండియనగు మార్కస్ బార్ట్లే. కెమెరా వెనుక సహజముగా సాగిన చెలిమి కెమెరా ముందు కథగా మారలేకపోయినది. అయినను ‘కాలము అట్టిది’ అను సమాధానము పూర్తిగా సరిపడదు. 1938లో ‘మాలపిల్ల’ చేయగలిగిన పనిని 1955లో చేయలేకపోవుటకు కాలమొక్కటే కారణము కానేరదు. ఇక హాస్యము మాట. నవ్వుచు నేర్చిన పాఠమే గట్టిగా నిలుచునని ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ చర్చ గ్రంథస్థ విషయము కాదు. నగరపు తూర్పు అంచున నిత్యము ఎదురగుచున్నది. ఉప్పలు, నాచారము, చర్లపల్లి పారిశ్రామికవాడలును, 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ సంస్థయు అన్ని జిల్లాలనుండి, అన్ని రాష్ట్రములనుండి కుటుంబములను ఇచ్చటికి రప్పించినవి. ఒకనాడు పల్లెయైన దమ్మాయిగూడ నేడు కాలనీలతో నిండిపోయినది. దానికొకవైపున మౌలాలి గుట్టపై దర్గా. మరియొకవైపున కీసరగుట్టపై రామలింగేశ్వరుడు. మౌలాలికి హిందువులును మ్రొక్కుదురు. శివరాత్రికి కీసర దారులన్నియు జనముతో నిండును. ఈ రెండు గుట్టల నడుమనున్న బడులలో ఒకే బల్లమీద మేరి, మహాలక్ష్మి, మెహరున్నీసా అను పేరుగలవారు కలసి కూర్చుందురనుటలో ఆశ్చర్యమేమి? ‘మిస్సమ్మ’లో పంతులుగా నటించిన రామారావు తరువాతి కాలమున తన రామకృష్ణా స్టూడియోను నెలకొల్పినది ఈ నాచారముననే. ఆయనయే 1984లో ‘శ్రీమద్విరాట వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర’ను తెరకెక్కించెను. అందు దూదేకుల సిద్ధయ్య, కక్కయ్య బ్రహ్మముగారి ప్రియశిష్యులు. గురుశిష్య సంబంధమున మతకులముల కట్టు తెగుట మన తెర మరల మరల చూపినది. గురువుకడ సమానత్వము, దేవునికడ సమానత్వము. పెండ్లిపీటలకడ మాత్రము పుట్టుమచ్చల పరీక్ష.

ఇక బడిలో చేయదగినదేమి? పాత చిత్రములను నిషేధించుట కాదు. ప్రేమతో, వివేకముతో చూడ నేర్పుట. తెలుగు వాచకము బోధించు ఉపాధ్యాయుడు పద్యమును చదివించి ‘ఇచ్చట మాటలాడుచున్నదెవరు?’ అని అడుగును. చిత్రమును గురించియు అట్లే అడుగవచ్చును. ఈ కథలో దేవునిగదిలోనికి పోవువారెవరు, వసారాలో నిలుచువారెవరు? శుద్ధమైన తెలుగు మాటలాడునదెవరు, నవ్వుకొరకు వంకరగా పలుకునదెవరు? అప్పులిచ్చి పీడించు డేవిడును క్రైస్తవుడే, ఆప్యాయముగా పెంచిన దంపతులును క్రైస్తవులే. బయటకు వచ్చిన ప్రేక్షకుని మనస్సున ఎవరు నిలిచిరి? ‘లవకుశ’ (1963)లో సీతమ్మ కష్టములకు కారణమైన మాటను చాకలి ఇంటి హాస్యముగా చూచి నవ్వునప్పుడు, తరగతిలో ఆ కులమునకు చెందిన బాలుడు ఎట్లు నవ్వును? సుఖాంతమునకు వెల చెల్లించినదెవరు? ఈ ప్రశ్నలకు జవాబులు ఉపాధ్యాయుడు చెప్పనక్కరలేదు, పిల్లలే వెదకికొందురు.

ఒక వ్యాసరచనాభ్యాసము ఇట్లు పెట్టవచ్చును: పుట్టుమచ్చ లేదనుకొనుడు. మేరి మేరిగానే మిగిలినదనుకొనుడు. అప్పాపురము జమీందారుగారింట తరువాతి ఘట్టమును వ్రాయుడు. జమీందారు ఏమనును? ఆయన భార్య ఏమనును? మేరి తల్లిదండ్రులు ఏ షరతులు పెట్టుదురు? పెండ్లి ఎచ్చట, ఏ విధమున జరుగును? ఈ ఘట్టమును వ్రాసిన విద్యార్థి, పెద్దల మాటలలో తన ఇంటి మాటలనే వినును. అదియే ఈ అభ్యాసము యొక్క ఫలము. అందరును పెండ్లి జరిపింపవలెనను నియమము లేదు. నిజాయితీగా వ్రాయవలెనను నియమము చాలును.

ఒక హెచ్చరిక మాత్రము అవసరము. తరగతిలోని క్రైస్తవ బాలికను లేపి ‘మీవారేమందురు?’ అని అడుగరాదు. మహమ్మదీయ బాలుని తన మతమంతటికిని ప్రతినిధిగా నిలుపరాదు. వార్షికోత్సవ నాటకమున టోపీ పెట్టుకొను వేషము అతనికే, శిలువ ధరించు వేషము ఆమెకే కేటాయించుట ఔదార్యముగా కనిపించును గాని, అదియు వసారాలో కుర్చీ వేయుటయే. ఆమెను శకుంతలగా, అతనిని గిరీశముగా నిలిపి చూడవలెను. మహాలక్ష్మికి మేరి వేషమును, మేరికి మొల్ల వేషమును ఇయ్యవలెను. నటన యనగా పరకాయప్రవేశమని పెద్దలు చెప్పినారు. పరమతప్రవేశము అంతకన్న కష్టమా?

పరమతస్థుని అతిథిగా ఆదరించుట మన జాతికి వెన్నతోబెట్టిన విద్య. మన చిత్రములు ఆ విద్యను అందముగా చూపినవి. అందుకు వానికి ఋణపడియుందము. కాని అతిథి ఎంతకాలమున్నను అతిథియే. అతనికి మంచినీళ్లు మనమే ముంచి యియ్యవలెను. బంధువు తానే వంటింటికి పోయి ముంచుకొని త్రాగును. ఒకే హాజరుపట్టీలో పేళ్లున్న ఈ బాలబాలికలు పెద్దవారై ఒకరి ఇంటికొకరు ఏ హోదాలో పోవుదురో నేడు బడిలో జరుగు చిన్నచిన్న విషయములే నిర్ణయించును. మేరి మేరిగానే యుండి మనకు చుట్టము కాగల కథను మన తెర పూర్తి చేయక విడిచినది. దానిని పూర్తి చేయగలవారు నేడు మన తరగతులలో కూర్చుండియున్నారు.